సమస్య: మామ లేని పెండ్లి మధుర మయ్యె

బరంపురం (నిర్వహణ): ఈ వారం పాదం ఇదే, పద్యం దీనితోనే ముగిసేలా పూరించాలి. దర్శకుడు విశ్వనాథ్ గారి సినిమా సాగరసంగమం మళ్లీ చూస్తుంటే నాలుక మీదికి వచ్చి కూర్చుంది, ఇక వదల్లేదు. సినిమా దారి పట్టినా సరే, పురాణంలోకి వెళ్లినా సరే. పాదంలో అక్షరం మాత్రం కదపకండి.

గుణుపురం అక్క:

కంసు డణగి పోయె కల్యాణ వేళకు
రుక్మిణమ్మ నవ్వె రూపు మెరయ
ద్వారకాపురాన దండలు మారగా
మామ లేని పెండ్లి మధుర మయ్యె

ఆ మేనమామ బతికి ఉంటే కృష్ణుడికి పెళ్లి ఊసు ఉండేదా?

జయపురం తమ్ముడు:

కొండ కోన నడుమ కోయిల పాటలో
దివిటి వెలుగు లోన తెరను దించ
నింగి నల్లబారె నిక్కమే యీ చంద
మామ లేని పెండ్లి మధుర మయ్యె

మా కొరాపుట్ కొండల్లో చీకటి రాత్రి పెళ్లి చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు: గుణుపురం అమ్మా, శుభ్రమైన పూరణ. రెండో పాదం చదివి ఆనందించాను. అయితే సమస్య చూడగానే అందరికీ తట్టే మామ కంసుడే. జయపురం నాయనా, దివిటికి తెరతో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం, కుదిర్చావు, బాగుంది. కానీ పై పాదం చివర "చంద" తగిలించి గండం గడవడం నీకు అలవాటైపోయింది. ఠాకురాణి జాతర సమస్యకూ ఇదే చేశావు. పైగా అమావాస్య నాడు ముహూర్తం పెట్టిన పురోహితుడెవరు?

జయపురం తమ్ముడు: అమావాస్య అని నేను ఎక్కడ రాశాను మాస్టారూ? శుక్ల తదియ నాడు రాత్రి ముహూర్తమైతే అప్పటికే చంద్రుడు అస్తమించి ఉంటాడు. జాతర పూరణ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు మీ పద్యం పెట్టండి.

పర్లాకిమిడి మాస్టారు: ఇదిగో.

స్వరములలలు గాగ సాగర సంగమ
మందు నిళయరాజ మనసు పెట్టి
విశ్వనాథు కథకు వీణయై పలుకగా
మామ లేని పెండ్లి మధుర మయ్యె

మామ అంటే మన సంగీత దర్శకుడు మహదేవన్ గారే. పరిశ్రమ అంతా ఆయన్ని అలాగే పిలిచింది. సిరిసిరిమువ్వ, శంకరాభరణం, సప్తపది, సిరివెన్నెల, స్వాతికిరణం... విశ్వనాథ్ గారికి ఆయన ఇంటి మనిషి. 1983లో ఆ పీట మీద ఇంకొకరు కూర్చున్నారు. శంకరాభరణానికి మామకు, సాగరసంగమానికి ఇళయరాజాకు, చాలా ఏళ్ల తర్వాత స్వరాభిషేకానికి విద్యాసాగర్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. పీట మారినా పెళ్లి చెడలేదు.

రాయగడ సంగీతం టీచర్: "స్వరములలలు" అనే సంధి దగ్గరే ఆగిపోయాను మాస్టారూ. సాగరానికి అలలు కావాలి, అవి స్వరాల్లోంచే వచ్చాయి. ఈ వారానికి ఆ ఒక్క మాట చాలు. కానీ "వీణయై" దగ్గర మీతో ఒప్పుకోను. మామకు పాట రాసి ఇస్తే ఆ అక్షరాలకు బాణీ కట్టేవారు. మాట ముందు, రాగం దాని వెనక. అది వీణ మీద ఒంటరిగా వాయించినా నిలబడే సంగీతం. ఇళయరాజా వాద్యం వాద్యానికీ ఎవరు ఎక్కడ ఏం వాయించాలో కాగితం మీద స్వరాలు రాసి ఇస్తారు. సాగరసంగమంలో బావి గట్టు మీద కథానాయకుడు బాలు తాగి ఆడే పాట వినండి. వానా, జతులూ, తూలే అడుగూ, గొంతులో జీరా, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఒక్క వీణకు అది పట్టదు.

ఇంకో సంగతి. అందులోనే ఓం నమశ్శివాయ పాట హిందోళం రాగం. వేదం అణువణువున హంసానంది. రెండింటిలోనూ పంచమం, అంటే ప స్వరం, లేదు. షడ్జం తర్వాత చెవి ఆనుకునేది పంచమం మీదే. అది లేని రాగాలను ఎంచుకుని, లోటు తెలియకుండా నడిపించారు. క్లాసులో పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన వినిపిస్తాను.

గుణుపురం అక్క: పెండ్లి అన్నారు కాబట్టి చెబుతున్నా. ఆ సినిమాలోనే ఒక పెళ్లి ఉంది. బయట మంజుభార్గవి ఆడుతుంటే వంటింట్లో బాలు ఆడతాడు, తల్లి అక్కడే వంట చేస్తుంటుంది. పాట త్యాగరాజస్వామి అఠాణా కీర్తన, "బాల కనకమయ" అని పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి నుంచి ఎత్తుకుంటారు. అక్కడ ఇళయరాజా తన బాణీ పెట్టకుండా స్వామికి దారి వదిలారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఛత్రపురం బావగారు: సాగరం దగ్గరే ఆగిపోయారేమిటి అందరూ? ఒడిశాలో ఉన్నవాళ్లం, స్వర్ణకమలం గుర్తు రాలేదా? 1988. ఒడిస్సీ నర్తకి షారన్ లోవెన్ అందులో తన పాత్రలోనే కనిపిస్తారు.

స్వర్ణకమల మందు శరణన్న పాదాలు
ఒడిసి నాట్య మాడె నొక్క తరుణి
ఇళయరాజా బాణి యింపుగా కుదిరెను
మామ లేని పెండ్లి మధుర మయ్యె

పర్లాకిమిడి మాస్టారు: విషయం చాలా బాగుంది బావగారూ, ఒడిస్సీని తెచ్చినందుకు నమస్కారం. కానీ మూడో పాదంలో రెండో గణం చూడండి. "రాజా" రెండు గురువులు. అక్కడ అది ఎలా చెల్లుతుంది?

ఛత్రపురం బావగారు: ఆయన పేరు రాజా. దీర్ఘం తీసేసి అంత పెద్దాయన్ని చిన్నబుచ్చలేను.

పర్లాకిమిడి మాస్టారు: నేను తీశాను, ఆయన చిన్నబోలేదు. పద్యంలో పేరు చివరి దీర్ఘం తగ్గించడం పూర్వం నుంచీ ఉంది. "ఇళయరాజ బాణి" అనండి, పాదం నడుస్తుంది. ఇంకొకటి, మొదటి పాదంలోని పాదాలు ఏం చేశాయో పద్యం చెప్పలేదు. రెండో పాదంలో తరుణి వచ్చేసింది.

బరంపురం (నిర్వహణ): బావగారి పద్యం సవరణతో ఉంచుతున్నాను. జయపురం నుంచి ఇంకొకటి వచ్చింది.

జయపురం తమ్ముడు: టీచర్ గారి మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. ఈసారి చంద లేదు మాస్టారూ.

పంచమమ్ము లేని పాట హిందోళాన
హంసనంది లోన నమరినట్లె
విశ్వనాథు తెరకు వేరొక్క బాణితో
మామ లేని పెండ్లి మధుర మయ్యె

రాయగడ సంగీతం టీచర్: నేను వచనంలో చెప్పి వదిలేసింది పద్యమైంది. ప లేని రాగం, మామ లేని పెళ్లి! ఈ పాదానికి ఇంతకంటే దగ్గరి పూరణ ఉంటుందనుకోను. రాగం పేరు హంసానంది, హంసనంది అనే రూపమూ వాడుకలో ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

పర్లాకిమిడి మాస్టారు: హంసకు "న"తో యతి ఏమిటి?

జయపురం తమ్ముడు: లోనన్ మీద "అమరి". హకారానికి అకారంతో మైత్రి లేదా? మీరే నేర్పారు.

పర్లాకిమిడి మాస్టారు: ఉంది, చెల్లింది. పూరణ గొప్పగా ఉంది నాయనా, ఈ వారం అందరికంటే నీదే. అయినా ఆ జాతర పద్యంలో మూడో పాదం యతి ఇప్పటికీ నాకు సమ్మతం కాదు.

గుణుపురం అక్క: అయితే ఆ పద్యం మళ్లీ పెట్టు తమ్ముడూ. అప్పుడు నేను చూడలేదు.