ఆల్బం వెల శ్రోతకే వదిలేయవచ్చా?

కౌశికగట్టు (అంబాజీపేట):
అందరికీ నమస్కారం. మాది అయిదుగురి మేళం. ఇద్దరం సన్నాయి, ఇద్దరు డోలు, ఒకరు తాళం. కనుమనాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభల ముందు వాయించే వరసలు, పెళ్లిలో ఎదురుసన్నాహం నుంచి అప్పగింతల వరకు వాయించే కీర్తనలు కలిపి రాజమహేంద్రవరంలో ఒక స్టూడియోలో రికార్డు చేశాం. ఎనిమిది భాగాలు వచ్చాయి. ఖర్చు మేమే పెట్టుకున్నాం. సీడీ వేస్తే పెట్టి వినే యంత్రం ఇప్పుడు ఎవరింట్లోనూ కనబడదు కాబట్టి డౌన్‌లోడుగానే ఇస్తాం. ధర పెట్టాలా, ‘మీకు తోచినంత ఇవ్వండి’ అని వదిలేయాలా అన్న దగ్గర మాలో మాకే కుదరడం లేదు. వదిలేయమనేవాళ్లు ఇంగ్లండు బృందం రేడియోహెడ్‌ను చూపిస్తున్నారు. 2007 అక్టోబరులో వాళ్లు ‘ఇన్ రెయిన్‌బోస్’ను తమ సైటులో పెట్టి, ఎంత ఇవ్వాలో వినేవాళ్లనే నిర్ణయించుకోమన్నారు. సున్నా వేసినా పాటలు దిగేవి. ఆ పద్ధతి మనకు నప్పుతుందా? పెద్దలు చెప్పండి.

తణుకు శ్రోత:
ధర పెట్టకండి. యూట్యూబులో ఊరికే దొరుకుతుంటే డబ్బు కట్టి ఎవరు దించుకుంటారు? ఇష్టమున్నవాళ్లు ఎలాగూ ఇస్తారు.

లెక్కల మాస్టారు (భీమవరం):
ఉదాహరణ చెప్పేటప్పుడు సగం చెప్పి ఆపకూడదు. రేడియోహెడ్ అప్పటికే ఆరు ఆల్బములతో ప్రపంచమంతా తెలిసినవాళ్లు. ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం ముగిసింది కాబట్టి ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. అదే సైటులో రికార్డులు, సీడీలు పెట్టిన పెట్టె కూడా 40 పౌండ్ల ధరకు అమ్మారు, దానికి మాత్రం తోచినంత ఇస్తే కుదరదు. డిసెంబరులో డౌన్‌లోడు ఆపేశారు. తర్వాత మామూలు సీడీ దుకాణాల్లోకి వచ్చి బ్రిటన్‌లో, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. 2011లో వచ్చిన తర్వాతి ఆల్బంకు వాళ్లే కచ్చితమైన ధర పెట్టారు. అంత లాభసాటి పద్ధతి అయితే రెండోసారి ఎందుకు వదిలేశారు?

ఎంతమంది డబ్బు ఇచ్చారన్నది ఇంకో గొడవ. కామ్‌స్కోర్ అనే సంస్థ 62 శాతం మంది ఊరికే దించుకున్నారని అంచనా వేసింది. అది తప్పని బృందం ఖండించింది. అలాంటి వివాదం లేని లెక్క సాల్ విలియమ్స్ అనే అమెరికా కవి, గాయకుడిది. అదే ఏడాది ఆయన తన ఆల్బంను ఊరికే తీసుకోండి, లేదా 5 డాలర్లు ఇవ్వండి అని పెట్టాడు. రెండు నెలల తర్వాత నిర్మాత ట్రెంట్ రెజ్నర్ అంకెలు బయటపెట్టాడు. 1,54,449 మంది దించుకుంటే డబ్బు ఇచ్చినవాళ్లు 28,322 మంది. అంటే నూటికి 18 మంది. అంబాజీపేట మేళానికి అంతకంటే ఎక్కువ వస్తుందని నేను అనుకోను.

భాగవతారిణి కూతురు (కపిలేశ్వరపురం):
మాస్టారు గారూ, అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది, మీరు దాన్ని వదిలేశారు. సాల్ విలియమ్స్ 2004 ఆల్బం మొత్తం అమ్ముడైంది 33,897. రెండు నెలల్లో దానికి నాలుగు రెట్ల మందికి పైగా కొత్త పాటలు అందుకున్నారు. ఇవ్వనివాళ్లందరినీ నష్టం కింద రాస్తున్నారు. వాళ్లు మునుపు ఆయన పాట వినే ఉండరు.

ఈ పద్ధతి కోసం ఇంగ్లండు దాకా వెళ్లనక్కరలేదు. మా అమ్మ ఇక్కడి సర్వారాయ హరికథా పాఠశాలలో నేర్చుకుంది. కథ చెప్పినన్నాళ్లూ చివర హారతి పళ్లెం సభలో తిరిగేది. ఒకరు పదిరూపాయలు, ఒకరు వంద, ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల. ఎవరినీ ఇంత వెయ్యమని అడిగింది లేదు. ఆ పళ్లేనికి విలువ లేదని ఎవరు చెబుతారు? కౌశికగట్టు గారూ, ధైర్యంగా వదిలేయండి.

మేళం ఇంటివాడు (రావులపాలెం):
వద్దు. ధర పెట్టండి. మా నాన్నగారు డోలు. పెళ్లికి బయానా పుచ్చుకునేటప్పుడు ఇంత అని మాట ఉండేది. ముహూర్తం తెల్లవారుజామున అయితే రాత్రంతా వాయించి, ఊరేగింపులో నడిచి వాయించి, అప్పగింతలయ్యాక లెక్క కోసం అరుగు కింద నిలబడితే పెళ్లివారి పెద్దమనిషి చేతికి అందినంత ఇచ్చి ‘తోచింది ఇచ్చాం, పుచ్చుకో’ అనేవాడు. మాట్లాడుకున్నదానిలో సగం. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది ఆ ఊళ్లో పెళ్లి మేళం వేరేవాళ్లకు పోతుంది. ‘తోచినంత’ అన్న పద్ధతిని మా ఇల్లు కొన్ని తరాలు చూసింది. దాన్ని మీరంతట మీరే ఇంటర్నెట్టులో పెట్టుకుంటారా?

తణుకు శ్రోత:
పెళ్లి వేరు, ఆల్బం వేరు కదండీ.

లెక్కల మాస్టారు (భీమవరం):
అసలు ప్రశ్న సున్నాను అనుమతించాలా వద్దా అన్నది. కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి సైటులో కనీస ధర పెట్టి, అంతకుమించి ఎంతైనా ఇవ్వవచ్చు అని ఉంచే వీలుంది. కనీసం యాభై రూపాయలు పెట్టండి. సున్నాకు తలుపు తెరిస్తే నూటికి ఎనభై మంది అందులోంచే వెళ్తారు. పైన అంకె ఇచ్చాను.

భాగవతారిణి కూతురు గారూ, ‘వినేవాళ్లు పెరిగారు’ అన్నది సరే. విన్నవాళ్లు స్టూడియో అద్దె కడతారా?

నరసాపురం రేవు:
అలాంటి విదేశీ సైటులు డబ్బు తీసుకోవడానికి వాడే పేపాల్ అనే చెల్లింపుల సంస్థ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. విదేశీ సైటులో పెడితే పాలకొల్లులో ఉన్న ఆయన కార్డు నంబరు కొడుతూ కూర్చోవాలి. సొంత పేజీ పెట్టుకుని యూపీఐ క్యూఆర్ కోడ్ ఉంచండి. 2020 జనవరి నుంచి యూపీఐకి వ్యాపారి రుసుము తీసేశారు, పది రూపాయలు పంపితే పదీ మీ ఖాతాలో పడతాయి. రేడియోహెడ్‌కు డబ్బు ఇచ్చినవాళ్ల మీద 45 పెన్స్ కార్డు రుసుము అదనంగా పడింది. మనకు ఆ ఇబ్బంది లేదు, చిన్న మొత్తాలు కూడా తీసుకోవచ్చు.

పద్యప్రియుడు (పాలకొల్లు):
ధర పెట్టండి, ధర పెట్టండి అంటున్నారు. క్యాసెట్టు రోజుల్లో ధర పెట్టే అమ్మారు. నేను పాడిన పౌరాణిక పద్యాలు ఒక కంపెనీవారు రెండు భాగాలుగా వేశారు. ఒకేసారి కొంత చేతిలో పెట్టి, ఏవో కాగితాల మీద సంతకం తీసుకున్నారు. తర్వాత అంతర్వేది తీర్థంలో, భీష్మ ఏకాదశి ఉత్సవాల రోజుల్లో, ప్రతి క్యాసెట్టు కొట్టులో నా గొంతే మోగేది. క్యాసెట్టు మీద ధర అచ్చువేసి ఉంది. అందులో ఒక్క రూపాయి నాకు రాలేదు. అడగడానికి వెళితే ‘హక్కులు మావి’ అన్నారు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీలో వాటా గట్టిచేశారు. నా సంతకం అంతకు చాలా ముందుది. కాబట్టి ధర ఉందా లేదా అని కాదు, డబ్బు ముందుగా ఎవరి చేతిలో పడుతుందో చూసుకోండి.

లెక్కల మాస్టారు (భీమవరం):
పద్యప్రియుడు గారి కష్టం నిజమే. కానీ అది ఒప్పందం సమస్య. ఇక్కడ ఆల్బం హక్కులు మేళానివే, మధ్యలో కంపెనీ లేదు. చర్చ మళ్లీ సున్నా దగ్గరకు రావాలి. ఫ్లిప్‌కార్ట్ 2012లో ‘ఫ్లైట్’ అనే డౌన్‌లోడు పాటల దుకాణం తెరిచింది. అంత పెద్ద సంస్థే ఊరికే దొరికే దొంగ కాపీలతో, చిల్లర చెల్లింపుల తలనొప్పితో నిలవలేక 2013 జూన్‌లో మూసేసింది.

నరసాపురం రేవు:
అప్పటికి యూపీఐ లేదు మాస్టారు గారూ. అది 2016లో వచ్చింది. చిల్లర చెల్లింపుల తలనొప్పి పోయింది.

లెక్కల మాస్టారు (భీమవరం):
దొంగ కాపీలు పోలేదు కదా.

భాగవతారిణి కూతురు (కపిలేశ్వరపురం):
సున్నా వేసేవాళ్లు తగ్గాలంటే ఒక మార్గం ఉంది. మన ఊళ్లలో బుర్రకథకైనా నాటకానికైనా చదివింపులు మైకులో చదువుతారు. ఫలానా వారు కళాకారులకు నూట పదహార్లు అని వినగానే పక్కవారు రెండు వందలు పంపిస్తారు. ఆల్బం పేజీలో ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం కనబడేలా పెట్టండి. బెంగళూరు, డల్లాస్‌లలో ఉన్న కోనసీమ వాళ్లు ఒకరిని చూసి ఒకరు ఇస్తారు.

మేళం ఇంటివాడు (రావులపాలెం):
ఇదే నేను భయపడింది. ఇచ్చినవాళ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో పెడతారు. వాయించినవాళ్ల పేర్లు ఏ మైకులో ఎవరు చదివారు? పెళ్లి శుభలేఖలో మేళం వారి పేరు ఎక్కడైనా చూశారా? గట్టిమేళం మోగకపోతే తాళి పడదు. అది మోగించిన మనిషికి భోజనం మాత్రం అందరి పంక్తులూ లేచాక, పందిరి వెనక. మీ అమ్మగారికి వేదిక ఉంది, మెడలో దండ ఉంది, పళ్లెంలో వేసేవాడు ముందు నమస్కారం పెట్టి వేస్తాడు. మాకు ఇచ్చేవాడు పైమెట్టు మీద, పుచ్చుకునేవాడు కిందిమెట్టు మీద. ఆ ‘తోచింది’ మా పనిని చూసి కాదు, మా కులాన్ని చూసి తోచేది. రెండూ ఒకటే అని మీరు రాయడం నాకు చాలా కష్టంగా ఉంది.

తణుకు శ్రోత:
పాటల ధర దగ్గర కులం ఎందుకు తెస్తారు?

మేళం ఇంటివాడు (రావులపాలెం):
నేను తేలేదు. సన్నాయి, డోలు ఎవరింట్లో పుడతాయో కోనసీమలో అందరికీ తెలుసు. ధర ఎవరు నిర్ణయించేవారో కూడా తెలుసు.

నిర్వాహకుడు:
వ్యక్తులను ఉద్దేశించకుండా విషయం మీద రాయండి. చర్చ తెరిచే ఉంచుతున్నాను.

భాగవతారిణి కూతురు (కపిలేశ్వరపురం):
మేళం ఇంటివాడు గారూ, దండ చూశారు, దాని వెనక ఉన్నది చూడలేదు. రాత్రిళ్లు ఊరూరా తిరిగి కథ చెప్పే ఆడమనిషికి అద్దెకు ఇల్లు ఇవ్వనివాళ్లు ఈ డెల్టాలోనే ఉన్నారు. అమ్మకు మాట్లాడుకున్న మొత్తం ఉండేది, మీరు కోరుతున్న కచ్చితమైన ధర అదే. అది ఉత్సవ కమిటీ చేతిలోంచి, కుదిర్చిన మధ్యవర్తి చేతిలోంచి వచ్చేటప్పటికి వాద్యాలవాళ్లకు ఇవ్వడానికే చాలేది కాదు. ప్రయాణం ఖర్చు కోత, భోజనం ఖర్చు కోత, ఒక్కోసారి ‘వర్షం వచ్చింది, జనం రాలేదు’ అని అసలుకే కోత. ఎవరూ చెయ్యి పెట్టనిది ఆ పళ్లెం ఒక్కటే. కథ విన్న మనిషి చేతిలోంచి నేరుగా ఆమె ముందుకు వచ్చేది. నా చదువు ఫీజులు ఆ పళ్లెంలోంచి కట్టింది. మధ్యవాడు పెట్టిన ధర కంటే విన్నవాడి మనసును నేను నమ్ముతాను. అందుకే వదిలేయమన్నాను. మీ నాన్నగారికి జరిగినది న్యాయమని నేను ఎక్కడా అనలేదు.

మేళం ఇంటివాడు (రావులపాలెం):
మీ అమ్మగారిని దోచింది మధ్యవాడు. మా నాన్నను దోచింది విన్నవాడే. పెళ్లివారు విన్నారు, మెచ్చుకున్నారు, ఇంకో కీర్తన అడిగి వాయించుకున్నారు, తర్వాత సగం ఇచ్చారు. విన్నవాడి మనసు మీద మీకున్న నమ్మకం నాకు రాదు. ముందు ధర చెప్పి, ఇష్టమైతే కొనుక్కో, లేకపోతే లేదు అని ఒక డోలు వాయించేవాడు అనగలిగిన రోజు ఇప్పుడు వచ్చింది. పేజీ వాళ్లది, ఖాతా వాళ్లది. ఆ రోజును వదులుకోవద్దని నా మాట. తక్కువ అమ్ముడైతే తక్కువే అమ్ముడవనివ్వండి.

పద్యప్రియుడు (పాలకొల్లు):
ఇద్దరి మాటా నాకు అర్థమయింది. నాది ఇద్దరి కష్టమూ కలిసినది.

లెక్కల మాస్టారు (భీమవరం):
కనీస ధర పెట్టి పైన వదిలేస్తే మీ ఇద్దరి మాటా నిలుస్తుంది. మొదటినుంచి అదే చెబుతున్నాను.

భాగవతారిణి కూతురు (కపిలేశ్వరపురం):
నిలవదు మాస్టారు గారూ. ఆ ముసలమ్మ రూపాయి బిళ్లకు మీ లెక్కలో చోటు లేదు.

కౌశికగట్టు (అంబాజీపేట):
రెండు రోజులుగా అన్నీ చదివి, మా వాళ్లకు కూడా చదివి వినిపించాను. మా మేళంలో పెద్ద డోలు ఆయన అరవై దాటినవారు. ఇంతవరకు ఈ విషయంలో నోరు విప్పలేదు. నిన్న విని, ‘వెల రాయి. మన అయిదుగురి పేర్లూ, వాయించిన వాద్యాలూ ఆ వెల పక్కనే రాయి. ఇచ్చినవాళ్ల పేర్లు అక్కరలేదు’ అన్నారు. నాకు సొంతంగా ‘తోచినంత’ వైపే మొగ్గు. పల్లెల్లో మా బాణీలు తెలిసిన ముసలివాళ్లు, నేర్చుకునే పిల్లలు డబ్బు అడ్డంకి కావడం వల్ల వినకుండా పోకూడదని. కానీ ఆయన మాట దాటి నేను పెట్టలేను. 150 రూపాయలు పెడుతున్నాం. ప్రభల వరస ఒక్కటి మాత్రం ఎవరైనా ఊరికే దించుకోవచ్చు, అది తీర్థంలో అందరూ వినేదే.

మేళం ఇంటివాడు (రావులపాలెం):
సంతోషం. నేను రెండు కాపీలకు పంపుతాను. ఒక ప్రశ్న. వచ్చిన డబ్బులో సన్నాయికి ఎంత, డోలుకు ఎంత? పెళ్లిమేళంలో సన్నాయి నాయకుడికి పెద్ద వాటా పోవడం నేను చూశాను. తాళం వేసే కుర్రాడి చేతికి చివర ఏమీ మిగిలేది కాదు.

కౌశికగట్టు (అంబాజీపేట):
అయిదు సమాన వాటాలు. స్టూడియో ఖర్చు తీరేవరకు ఎవరికీ ఏమీ లేదు, తీరాక అయిదుగురికీ సమానం. కాగితం మీద రాసుకుని అందరం సంతకాలు పెట్టాం. సన్నాయి వాయించే రెండో ఆయనకు ఇది నచ్చలేదు, ఇంకా మాట్లాడుకుంటున్నాం.

భాగవతారిణి కూతురు (కపిలేశ్వరపురం):
150 ఇస్తాను. అయినా డబ్బు లేనివాళ్లకు ఆ మిగతా ఏడు భాగాలు మూసేయడం నాకు ఇప్పటికీ సరిగా అనిపించడం లేదు. పాఠశాల పిల్లలకు వినిపించాలంటే ఏం చెయ్యాలో రాయండి.

లెక్కల మాస్టారు (భీమవరం):
కౌశికగట్టు గారికి ఒక విన్నపం. ఆరు నెలల తర్వాత ఊరికే ఇచ్చిన ప్రభల వరస ఎంతమంది దించుకున్నారు, వాళ్లలో ఎంతమంది 150 ఇచ్చి మిగతావి తీసుకున్నారు, ఏ ఊళ్ల నుంచి వచ్చాయి అన్నది ఇక్కడ రాయండి. తక్కువైనా దాచకండి. మన మేళాలకు సంబంధించి అలాంటి అంకె ఒక్కటి కూడా నాకు ఎక్కడా దొరకలేదు, అందుకే ప్రతిసారీ అమెరికా లెక్కలు చెప్పుకోవలసి వస్తోంది.