అప్‌డేట్: రాయగడలో ఆ స్థలం వదిలేశాం

ఒడిశాలోని రాయగడలో నోటరీ అగ్రిమెంట్ మీద అమ్ముతామంటున్న ఇంటి స్థలం కొనొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే భూమి ఖాతా నంబరుతో భూలేఖ్‌లో (ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైటు) పట్టా తీశాను. కిసం (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటి స్థలం అనే ఉంది, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా పట్టాదారు పేరు దగ్గర రాసిన జాతితోనే: కొంధ, అంటే గిరిజన తెగ. రాయగడ షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. గిరిజనుల భూమి బదిలీపై ఒడిశాలో ఉన్న 1956 నాటి రెండో రెగ్యులేషన్‌కి 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మితే అది చెల్లదు. ఇల్లు కట్టేసినా సబ్ కలెక్టరు ఖాళీ చేయించి భూమి ఆ గిరిజన యజమానులకే ఇప్పించొచ్చు. "అందరూ ఇలాగే కొన్నారండీ" అంటాడు బ్రోకరు. గిరిజనుల భూమిని దొడ్డిదారిన రాయించుకోవడం అన్యాయం కూడా.

ఇప్పుడు చూస్తున్న స్థలానికి ఈసీతో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే సర్టిఫికెట్) పాటు పాత సెటిల్‌మెంట్ పట్టా (వెనకటి భూ సర్వేలో ఇచ్చినది) కూడా అడిగాం. మధ్యలో చేతులు మారిన ఆదివాసీ భూమి అందులోనే బయటపడుతుంది. అవి చూశాకే అడ్వాన్సు.