పన్నెండేళ్ళకే బెంగళూరు పంపాలా, పదో తరగతి దాకా ఇక్కడే ఈదించాలా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
సబ్ జూనియర్ పోటీలు అయిన ప్రతిసారీ పూల్ గట్టు మీద ఇదే పంచాయితీ. పన్నెండేళ్ళ పిలకాయ పతకం తెస్తే చాలు, ఒకరు "ఇంక బెంగళూరులో పెద్ద ఈత అకాడమీకి పంపించేయండి" అంటారు, ఇంకొకరు "పదో తరగతి అయ్యేదాకా కదిలించొద్దు" అంటారు. నేను పంపమనే పక్షం.

పెద్ద పోటీలు జరిగేది 50 మీటర్ల పూల్‌లో. 200 మీటర్ల ఈతలో అక్కడ మలుపులు 3, మనం ఈదించే 25 మీటర్ల పూల్‌లో 7. గోడ తన్నిన ప్రతిసారీ చేతులకి ఐదారు మీటర్ల విశ్రాంతి దొరుకుతుంది. అందుకే 25 పూల్‌లో టైమ్ 100 మీటర్లకి సుమారు 2 సెకన్లు తక్కువ వస్తుంది. ఆ టైమ్ నమ్ముకొని 50 పూల్‌లో దిగిన పిలకాయకి 35 మీటర్లు దాటాక మోచెయ్యి కిందికి జారిపోద్ది, నడుము మునిగిపోద్ది. ఆ చివరి 15 మీటర్లు నేర్పాలంటే 50 మీటర్ల నీళ్ళే కావాలి.

ఇంకోటి ఎండ. పోటీ నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలనేది నియమం. రోహిణి కార్తెలో మన ఓపెన్ పూల్ నీళ్ళు మధ్యాహ్నానికి 30 దాటిపోతాయి. ఆ వేడిలో పొడుగు సెట్లు వేస్తే గుండె వేగం పెరిగిపోద్ది గానీ ఈత వేగం పెరగదు.

సాజన్ ప్రకాశ్‌నే చూడండి. నైవేలి లాంటి చిన్న ఊళ్ళో పెరిగి బెంగళూరులో తేలినవాడు. 2021 జూన్‌లో రోమ్‌లో 200 బటర్‌ఫ్లై 1:56.38కి ఈదాడు. ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత ఇచ్చే టైమ్, అదే 'ఎ' ప్రమాణం, 1:56.48. దాన్ని నేరుగా అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

గుండ్లకమ్మ (ఒంగోలు):
పెన్నా ఒడ్డు గారూ, ఆ రోజు సాజన్ వయసు 27. పన్నెండుకీ ఇరవై ఏడుకీ మధ్య పదిహేనేళ్ళు ఉన్నాయి. మనం తొందరపడేది మొదటి రెండేళ్ళ కోసం. పదో తరగతి దాకా ఇక్కడే ఉంచమంటాను నేను.

అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ 15 ఏళ్ళకి సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 బటర్‌ఫ్లైలో అయిదో స్థానంలో వచ్చాడు. అప్పుడు ఈదింది సొంత ఊరు బాల్టిమోర్‌లోనే. అదే దేశపు కేటీ లెడెకీ 2012 ఒలింపిక్స్‌లో 15 ఏళ్ళకే 800 మీటర్ల బంగారం గెలిచింది, అదీ ఇంటి దగ్గర నుంచే. పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత బంగారాలు గెలిచిన ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మర్షాన్ 2021 దాకా సొంత ఊరు తులూజ్ వదల్లేదు. పైగా అమెరికా పిల్లలు బడుల్లో, కాలేజీల్లో ఈదేది ఎక్కువగా 25 గజాల పూల్‌లో. అంటే 22.86 మీటర్లు, మన దానికన్నా చిన్నది. పూల్ పొడవే అడ్డమైతే ఆ దేశానికి అన్ని పతకాలు వచ్చేవి కావు.

పన్నెండేళ్ళ వయసులో కావలసింది చేతికి నీళ్ళు దొరకడం. దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. ఫ్రీస్టైల్‌లో 25 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు (చేతి బారలు) వేశాడో, ఎన్ని సెకన్లు పట్టిందో రెండూ కలపండి. 20 స్ట్రోకులు, 19 సెకన్లు అయితే 39. వారానికోసారి అదే రోజు, అదే గంటకి చూడండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. స్ట్రోకులు తగ్గించమంటే పిల్లోడు చెయ్యి ముందుకి చాపి జారుకుంటూ పోతాడు. 18 స్ట్రోకులు అయ్యాయని మురిసిపోతాం, టైమ్ 21 అయి ఉంటుంది. మొత్తం మళ్ళీ 39. రెండూ కలిపి 36కి దిగినప్పుడే చెయ్యి నిజంగా నీళ్ళు పడుతున్నట్టు. ఈ పని ఏ ఊరి పూల్‌లోనైనా చెయ్యొచ్చు.

పెన్నా ఒడ్డు:
లెక్క ఒప్పుకుంటా. కానీ ఫెల్ప్స్‌కి 11 ఏళ్ళ వయసు నుంచే బాబ్ బౌమన్ కోచ్. బాల్టిమోర్‌లో ఉండిపోయాడని చెప్పి బౌమన్ని లెక్కలో తీసేస్తే ఎట్లా? మనకి ఈత నేర్పేవాళ్ళు ఉండారు, బాగానే నేర్పతారు. ఈదడం వచ్చిన పిల్లని ఈతగత్తెగా మలిచే కోచ్ వేరు. వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి, చెయ్యి నీళ్ళలో దిగే చోటు చూపించి సరిదిద్దేవాళ్ళు ఎంతమంది దొరకతారు?

స్టార్టు సంగతీ ఉంది. దుముకే గోడ నుంచి 1 మీటరు దగ్గర మొదలై 6 మీటర్ల దాకా లోతు కనీసం 1.35 మీటర్లు ఉండాలి. అంత లోతు లేని చోట బ్లాక్ (పోటీలో దుమికే ఎత్తు దిమ్మె) మీద నుంచి దుముకుడు నేర్పితే మెడ విరుగుద్ది. అట్టాంటి చోట పిలకాయలు గట్టు మీద నుంచే దుముకుతా పెరుగుతారు. పోటీలో 50 ఫ్రీస్టైల్‌కి బ్లాక్ ఎక్కగానే అర సెకను పోగొట్టుకుంటారు.

కొత్తపట్నం కెరటం:
మీ ఇద్దరి మాటల్లో మా సముద్రం పిల్లలు తప్పిపోయారు. కొత్తపట్నం, మైపాడు, రామాయపట్నం లాంటి తీరం ఊళ్ళ పిల్లలకి, వెనకటికి వీపుకి సొరకాయ బుర్ర కట్టుకొని బావిలో, కాలవలో నేర్చుకున్న పిల్లలకి దమ్ము ఉంటుంది, నీళ్ళంటే బెదురుండదు. వాళ్ళకి ఉండే లోపం ఒకటే, తల పైకెత్తి ఈదటం. అలలో దిక్కు చూసుకోవాలి కాబట్టి ఆ అలవాటు పడుతుంది. తల లేస్తే నడుము దిగుతుంది, ఒళ్ళు పలకలాగా కాకుండా ఏటవాలుగా నీళ్ళని తోస్తుంది.

మాన్పించే దారి చెప్తాను. నోటి ముందు పెట్టుకునే గొట్టం, అదే సెంటర్ స్నార్కెల్, తగిలించి రోజుకి 400 మీటర్లు, చూపు నేరుగా అడుక్కి. రెండు చేతులూ పక్కన పెట్టుకొని కాళ్ళతోనే పక్కవాటుగా తిరిగే కిక్కు 25 మీటర్లవి 8. రెండు మూడు నెలల్లో తల దిగుతుంది. ఇది చెయ్యకుండా బెంగళూరులో వేస్తే అక్కడి కోచ్ ముందు చేసేది ఇదే. ఈ పనికి హాస్టల్ ఫీజు దండగ.

పెన్నా ఒడ్డు అన్నా, దుముకుడు మాట నిజం. కానీ బ్యాక్‌స్ట్రోక్ జెండాలు కట్టుకోడానికి ఏం అడ్డం? గోడకి 5 మీటర్ల దూరాన, నీళ్ళకి 1.8 మీటర్ల ఎత్తున నైలాన్ తాడు, దానికి ముక్కోణం గుడ్డముక్కలు. అవి లేకనే పిల్లలు గోడ ఎక్కడుందోనని వెనక్కి తిరిగి చూస్తారు, తల గుద్దుకుంటారు, మలుపు పాడవుతుంది. జెండా దాటాక ఎన్ని చేతులకి గోడ వస్తుందో, నాలుగో అయిదో, ఎవరి లెక్క వాళ్ళకి పక్కా అయిపోవాలి.

కావలి ఫిజియో:
నా భయం భుజాల గురించి. ఊళ్ళో వారానికి 4 రోజులు, రోజుకి 2.5 కిలోమీటర్లు ఈదే అమ్మాయి పెద్ద అకాడమీలో చేరగానే వారానికి 8 సెషన్లు, ఒక్కోటి 5 కిలోమీటర్లు. 10 కిలోమీటర్లు కాస్తా 40. ఒక్క 5 కిలోమీటర్ల సెషన్ అంటే 25 మీటర్లవి 200 సార్లు. ఒక్కోదానికి 20 స్ట్రోకులు వేసుకున్నా 4,000. భుజానికి 2,000 తిప్పుళ్ళు. చెయ్యి నీళ్ళలోకి బొటనవేలు ముందుగా దించే పిల్లలకీ, నడి గీత దాటి ఎదుటి భుజం వైపు పెట్టే పిల్లలకీ పైన ఉన్న సన్న కండరం ఎముక కింద నలిగిపోతుంది. మొదట రాత్రిళ్ళు ఆ పక్క పడుకుంటే నొప్పి. తర్వాత చెయ్యి పక్క నుంచి పైకెత్తేటప్పుడు సగంలో నొప్పి. ఈ రెండో దశలో కూడా ప్యాడిల్స్ (అరచేతికి తగిలించే ప్లాస్టిక్ పలకలు) వేయిస్తే నెలలు పోతాయి.

అందుకే పంపినా, ఉంచినా వారానికి పదో వంతుకి మించి దూరం పెంచకండి. చెయ్యి భుజం వెడల్పులోనే దిగాలి, మధ్యవేలు ముందుగా. రబ్బరు బ్యాండుతో మోచెయ్యి నడుముకి ఆనించి చెయ్యి బయటికి తిప్పే వ్యాయామం 15 చొప్పున 3 సార్లు, వారానికి 3 రోజులు. ప్యాడిల్ వేసినా అరచేతికన్నా కొంచెమే పెద్దది ఉండాలి.

ఆడపిల్లలు వేగంగా పొడవయ్యేది సుమారు 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలు 14 అప్పుడు. ఆ ఏడాది ఒళ్ళు కొత్తది అవుతుంది. టైమ్ ఆగిపోవచ్చు, వెనక్కీ పోవచ్చు. సరిగ్గా అప్పుడే ఊరు, అన్నం, నిద్ర అన్నీ మారిస్తే, టైమ్ ఎందుకు తగ్గలేదో కోచ్‌కీ తెలీదు, తల్లికీ తెలీదు. ముందుగా ఎదిగిన పిల్లోడు పన్నెండులో గెలవడం కూడా ఇట్టాంటిదే. పదహారొచ్చేసరికి మిగతావాళ్ళు అందుకుంటారు.

ఆత్మకూరు లేన్ 4:
ఇన్ని చెప్తున్నారు, మన దగ్గర ఈత ఆగిపోయేది భుజంతో కాదండీ, ఇంటర్‌తో. పొద్దున అయిదుకి స్టడీ అవర్ ఉండే రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన రోజే ఆ పిల్ల ఈత అయిపోయినట్టు. పదో తరగతి దాకా ఆపుదామనేవాళ్ళు ఈ సంగతి ముందే తేల్చుకోవాలి. 15 వరకు ఇక్కడ ఈదించి 16లో ఎంపీసీలో కూర్చోబెడితే అన్నేళ్ళు ఈదించింది ఎందుకు? ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించే ధైర్యం ఉందో లేదో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఉద్యోగం వచ్చాక కూడా ఇదే సమస్య. కొల్హాపూర్ వీర్‌ధవల్ ఖాడే 16 ఏళ్ళకి బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈదాడు. 2010 ఆసియా క్రీడల్లో 50 బటర్‌ఫ్లై కాంస్యం తెచ్చాడు. తర్వాత మహారాష్ట్రలో తహసీల్దారు అయ్యాడు. ఆ బాధ్యతతో సాధన సాగక, మళ్ళీ తిరిగొచ్చి 2018 జకార్తాలో 50 ఫ్రీస్టైల్ 22.47కి ఈదాడు. కాంస్యం 22.46కి పోయింది. సెకనులో నూరో వంతు! మధ్యలో పోయిన ఏళ్ళ సాధన ఉండుంటే అనిపించదా? ఛాంపియన్ కెరీర్ అంటే పన్నెండేళ్ళప్పటి పతకం కాదు, ఇరవై దాటాక కూడా రోజుకి రెండు పూటలా నీళ్ళలో ఉండగలగడం.

గుండ్లకమ్మ:
లేన్ 4 గారు చెప్పింది అసలు మాట. నేను పదో తరగతి అన్నది వయసు చూసి కాదు, సిద్ధమయ్యాకే పంపమని. ఎలా తెలుస్తుందంటే, ఒకరోజు 400, కాసేపు ఆగి 200, రెండూ గట్టిగా ఈదించండి. 400కి 6 నిమిషాలు, 200కి 2 నిమిషాల 50 సెకన్లు పట్టిందనుకోండి. తేడా 190 సెకన్లు, సగం చేస్తే 95. అంటే 100 మీటర్లు 1:35 చొప్పున నిలకడగా లాగగలడు. ఇప్పుడు 1:50కి ఒకటి బయలుదేరేలా 100 మీటర్లవి 10 వేయించండి. పదోది కూడా 1:37 లోపు వస్తే పునాది పడింది. మొదటిది 1:30, పదోది 1:44 అయితే వాడికి ఇంకా వేగం పంచుకోవడం రాలేదు. వాణ్ణి పెద్ద అకాడమీలో వేస్తే చివరి లేన్‌లో పడి ఉంటాడు.

పెన్నా ఒడ్డు:
పరీక్ష బాగుంది, మా పిలకాయలకి పెట్టిస్తా. కానీ 25 పూల్‌లో పెడితే గోడలే సగం పని చేస్తాయి. నెల్లూరు నుంచి మద్రాసు రైల్లో మూడు గంటలు. వేసవి సెలవల్లో వేళచ్చేరి 50 మీటర్ల పూల్‌కి మూడు వారాలు తీసుకుపోండి, పొద్దున పూటే. అక్కడ 200 ఫ్రీస్టైల్ ఈదించి, మొదటి 50కి ఎన్ని స్ట్రోకులు, నాలుగో 50కి ఎన్నో గట్టు మీద కూర్చొని రాసుకోండి. తేడా ఎనిమిదీ పదీ ఉంటే ఇంకో ఏడాది ఇక్కడే ఉంచండి, నేనూ మాట్లాడను. నాలుగు లోపుంటే మటుకు, పన్నెండేళ్ళైనా సరే, నేను పంపమనే అంటా.