కాసులపేరులో ‘పేరు’ పిలిచే పేరు కాదు

పాత బంగారు కాసులు పోగు చేయడం నాకు చాన్నాళ్ల అలవాటు. అందులోనూ ఎవరో మెడలో వేసుకున్నవే కావాలి నాకు. పైన రింగు అతికించినవి, అంచున చిల్లి పొడిచినవి. మొన్న నల్లగొండలో ఒక అవుసలాయన దగ్గర కూర్చుంటే ఓ పెద్దమ్మ తెగిన కాసులపేరు పట్టుకొచ్చింది, మళ్లీ గుచ్చియ్యమని. వెంట వచ్చిన మనుమరాలు అడిగింది: “అమ్మమ్మా, కాసుల పేరు అంటున్నవు గద, మరి ఆ పేరేంది?” పెద్దమ్మ “పేరంటే పేరే బిడ్డా, మెడల ఏసుకునేది” అన్నది. పిల్లకు అర్థం కాలేదు. పెద్దమ్మ చెప్పిందే సరైన అర్థం.

పేరు అంటే దండ, సరం. పూసలపేరు, ముత్యాలపేరు, గుండ్లపేరు అన్నీ ఇట్లా పుట్టినవే. ఇవాళ దుకాణానికి పోయి ‘ఒక పేరు చూపించు’ అని ఎవరూ అడగరు. ఇంకో మాట వెనక తోకలాగా మాత్రమే బతికుందది. ‘పేర్చు’, ‘పేరుకొను’ పక్కన పెట్టి చూడండి, ఒకదాని వెంట ఒకటి చేరడమనే భావం మూడింటిలోనూ నాకు వినిపిస్తుంది.

ఇక కాసు. “చేతిలో కాసు లేదు” అన్నప్పుడు అది అన్నిటికన్నా చిన్న రాగి నాణెం. పోర్చుగీసువాళ్ల నోట పడి, అక్కణ్నుంచి ఇంగ్లీషులో చిన్న నాణెం అనే అర్థంలో ‘క్యాష్’ అయింది కూడా ఈ దక్షిణాది కాసే; డబ్బు అనే ‘క్యాష్’ వేరే మాట. మెడలోకి ఎక్కేసరికి అదే మాట బంగారమైంది. దండలో వరహా ఉన్నా, విక్టోరియా రాణి బొమ్మ సవరను ఉన్నా, నిజాం అష్రఫీ ఉన్నా, ఆ బంగారు నాణేలన్నీ కాసులే. వెనిస్ నగరపు డకట్లనే బంగారు నాణేలు కూడా సముద్రం దాటి వచ్చి దక్కను మెడల్లో చేరాయి. ఒకవైపు వాళ్ల దొర, మార్కు అనే క్రైస్తవ మునీశ్వరుడి ముందు మోకరిల్లి ఉంటాడు, రెండోవైపు చుక్కల మధ్య ఏసు. బొమ్మ ఉంది కాబట్టి మరాఠీవాళ్లు దాన్ని పుతళీ అన్నారు. మన దేశపు పనివాళ్లు దాన్ని చూసి నకలు కొట్టారు. అక్షరాలు చదవరాక గీతలుగా మార్చిన ఆ నకళ్లంటే నాకు అసలుకన్నా ఇష్టం.

మీ ఇళ్లలో ఈ దండలను ఏమంటారో రాయండి.

వనపర్తి నుంచి ఒక అక్క: తమ్ముడూ, నేను ఇంకో తీరుగ విన్న. తిరుమల స్వామికి సహస్రనామ మాల ఉన్నది గద, 1008 కాసులు, ఒక్కో కాసు మీద ఒక్కో నామం. అట్ల పేర్లున్న కాసులు గాబట్టి కాసులపేరు అని మా పంతులు చెప్పిండు.

నేను: అక్కా, వినడానికి బాగుంది గానీ మాట అట్లా పుట్టలేదు. పూసల మీద ఏ పేరూ ఉండదు, అయినా పూసలపేరే అంటం. నామాలున్న కాసులైతే ‘పేర్లకాసులు’ కావాలె. లక్ష్మీదేవి బొమ్మ అచ్చొత్తిన పలుచని బిళ్లలు ఇప్పటివి. పాతవాటి మీద రాజుల, రాణుల బొమ్మలు కూడా ఉండేవి.

మిర్యాలగూడ నుంచి ఒక పంతులుగారు: కాసు తూకం సంగతి కూడా చెప్పాలి. మా కోడలిది గుంటూరు. పెళ్లి మాటల్లో వాళ్లు “పది కాసులు పెడతాం” అంటే మా ఇంటావిడ పది బిళ్లలనుకుంది. అటువైపు కాసంటే 8 గ్రాములు. సవరను తూకం 7.98 గ్రాములు, అదే వాళ్ల కొలత అయింది. మనవైపు తులం. పది కాసులంటే ఇప్పటి లెక్కన మన ఎనిమిది తులాలు.

నేను: సార్, దీనికోసమే ఎదురు చూస్తున్న! మన తులం కూడా నాణేన్ని అంటిపెట్టుకున్నదే. బ్రిటిషు వెండి రూపాయి, అంటే కల్దారు, తూకం ఒక తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు దాన్ని పది గ్రాములకు కుదించినం.

దేవరకొండ దగ్గరి తండా నుంచి ఒక తమ్ముడు: అన్నా, మా దాదీ మెడల కల్దారు రూపాయిల హారం ఉండె. బంగారం గాదు, వెండి. నడుస్తుంటే ఆమె వస్తున్నదని సప్పుడుతోనే తెలిసేది. కరువుల సగం అమ్మిన్రు.

మహబూబ్‌నగర్ నుంచి ఒక చెల్లె: అన్నా, అమ్మ దగ్గర చార్మినార్ బొమ్మ ఉన్న బంగారు బిళ్ల ఒకటుంది, పైన రింగు ఉంది. అయిదు ఉండేవట. రింగు తీయించి సాఫు చేయిస్తే ధర ఎక్కువొస్తదని ఒకరన్నరు. తీయించాల్నా?

నేను: వద్దమ్మా, తీయించకు! రింగును టంకంతో అతికించి ఉంటరు. మళ్లీ వేడి చేసి ఊడబీకితే అంచు చెడుతది, మచ్చ పోదు. టంకం అంటే పాత తెలుగులో నాణెం కూడా. టంకసాల అంటే నాణేలు అచ్చువేసే చోటు. ఇక నీ అష్రఫీ సంగతి. చార్మినార్ వాకిట్లో ఒక ఉర్దూ అక్షరం ఉంటది చూడు. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం, మీ ఊరికి పేరిచ్చిన ఆయనే. ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. నిండు అష్రఫీ 11 గ్రాములు దాటుతది, అర, పావు, అరపావు కూడా కొట్టిన్రు. రింగు చార్మినార్ పైన నిట్టనిలువుగ ఉంటే ఆ బొమ్మ చూపించుకోవాలనే పెట్టించిన్రు. ఏ వైపు ఎక్కువ అరిగిందో చూడు, అది ఒంటికి రాసుకున్న వైపు. నాకైతే ఆ అరుగుదలే విలువ.

చెల్లె: వెనక వైపు నున్నగ అయిపోయింది అన్నా, రాతలు కూడా కనిపిస్తలేవు. వాకిట్లది ‘మీమ్’ అని మా పక్కింటి ఖాలా చదివి చెప్పింది. తీయించను. దీనిని ఏమనేవాళ్లని అమ్మనడిగితే, “ఒక్కటే ఉంటే బిళ్ల, అయిదు ఉన్నప్పుడు పేరు” అన్నది.