తిండి, నిద్ర, నడక సరిగ్గా ఉంటే డిప్రెషన్ రాదనడం న్యాయమేనా?

వేకువచుక్క:
మా చెల్లికి రెండేళ్ల కిందట డిప్రెషన్ వచ్చింది. మందులు వాడి తేరుకుంది. ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్లు "వేళకు తిని, పొద్దున్నే నడిచుంటే ఇది వచ్చేదా?" అంటారు. తను మాట్లాడకుండా లేచి గదిలోకి వెళ్లిపోతుంది. అలవాట్లతో డిప్రెషన్ రాకుండా చూసుకోవచ్చని చెప్పడం మంచి మాటా, జబ్బుపడ్డ మనిషి మీద తప్పు మోపడమా?

నడకదారి:
అన్న తీరు తప్పేనండి, కానీ ఆ మాటలో నిజం ఉంది. నార్వేలో దాదాపు 34 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. అందరూ వారానికి కనీసం గంట వ్యాయామం చేసి ఉంటే, కొత్తగా వచ్చిన డిప్రెషన్ కేసుల్లో 12 శాతం తప్పేవని లెక్కకట్టారు. వారానికి ఒక్క గంట! చెమటలు కక్కక్కర్లేదు, మామూలు నడకైనా చాలు. తిండి మీద ఆస్ట్రేలియాలో 67 మందితో చేసిన ప్రయోగం ఫలితాలూ అదే ఏడాది వచ్చాయి. కూరగాయలు, పప్పుధాన్యాలు, చేపలు, గింజలు పెంచి, తీపి, ప్యాకెట్ తిండి తగ్గించినవాళ్లలో 12 వారాలకు సుమారు మూడో వంతు మంది కోలుకున్నారు. కబుర్లతో తోడు మాత్రమే దొరికినవాళ్లలో కోలుకున్నది 8 శాతం.

తూకంరాయి:
నడకదారి గారూ, ఆ 67 మందికీ డిప్రెషన్ అప్పటికే ఉంది. అది చికిత్స, నివారణ కాదు. నివారణ కోసమే చేసిన పెద్ద ప్రయోగం 2019లో వచ్చింది. నాలుగు ఐరోపా దేశాల్లో, అధిక బరువుండి కాస్త దిగులు లక్షణాలున్న 1025 మందికి ఏడాదిపాటు పోషకాల మాత్రలో, తిండి అలవాట్ల మీద శిక్షణో, రెండూనో ఇచ్చి చూశారు. డిప్రెషన్ తగ్గలేదు. 50 దాటిన 18 వేల మందికి పైగా అయిదేళ్లు విటమిన్ డి ఇచ్చినా తేడా లేదని 2020లో తేలింది. "మూడ్ బాగుపడుతుంది" అని రాసి ఉన్న డబ్బాలు చూసి డబ్బు పోసుకోకండి. బి12 లోపమో థైరాయిడ్ మందగించడమో ఉంటే మాత్రం నీరసం, దిగులు కమ్ముకుంటాయి. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, సరిచేయించుకోవాలి.

రెండోజాము:
తిండి గురించే కొట్టుకుంటున్నారు, నిద్రను ఎవరూ పట్టించుకోరేం? నివారణకు నేను చూసినవాటిలో బలమైన ఆధారం అక్కడే ఉంది. నిద్రలేమి ఉన్న 60 దాటిన 291 మందికి రెండు నెలలు శిక్షణ ఇచ్చి మూడేళ్లు గమనించారు. నిద్రలేమికి ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) పొందినవాళ్లలో డిప్రెషన్ వచ్చింది సుమారు 12 శాతానికి, మామూలు నిద్ర సలహాలు విన్నవాళ్లలో 26 శాతానికి. ఎన్నింటికి పడుకున్నా ఒకే వేళకు లేవడం, నిద్ర రాకపోతే మంచం దిగిపోవడం అందులో ముఖ్యం. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకునేవాళ్లకు: పట్టడం పడుతుంది, నడిరాత్రి తెగిపోతుంది.

మళ్లీమొలక:
నేను ఆ జబ్బు పడి లేచినదాన్ని. ఆకలి చచ్చిపోవడం, నిద్ర పట్టకపోవడం, కాలు కదపబుద్ధి కాకపోవడం, ఇవన్నీ ఆ జబ్బు లక్షణాలే. చూసేవాళ్లు వాటినే కారణాలనుకుంటారు. తల దువ్వుకోవడమే కొండెక్కినంత పనైన రోజుల్లో "నడువు" అని ఎందరో అన్నారు. మా అక్క ఒక్కతే ఏమీ అనకుండా నా చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టి, తనవి తొడుక్కుని నిలబడింది. వీధి మలుపుదాకా వెళ్లొచ్చాం. మర్నాడూ అంతే. మందులు పనిచేయడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను.

నడకదారి:
మీ మాట ఒప్పుకుంటున్నానమ్మా. "రాదు" అనకూడదు, "ముప్పు కొంత తగ్గుతుంది" అనాలి. అదీ బాగున్న మనిషితోనే.

వేకువచుక్క:
చెప్పుల మాట చెల్లికి చదివి వినిపించాను. "సాయంత్రం వెళ్దామా" అని తనే అడిగింది. మందులు డాక్టర్ చెప్పేదాకా ఆపదు. రెండోజాము గారూ, ఆ నిద్ర శిక్షణ ఎవరిస్తారు?

రెండోజాము:
క్లినికల్ సైకాలజిస్టుల్లో కొందరు ఇస్తారండి. చెల్లిని చూస్తున్న డాక్టర్‌నే ముందు అడగండి.