ఆల్టమీరా గుహలోకి మనుషులను పంపాలా? పరికరాల కొలతలు అనుమతికి ఆధారమవుతాయా?

జేగురు (చర్చ ప్రారంభం)

ఉత్తర స్పెయిన్‌లోని ఆల్టమీరా గుహ పైకప్పు మీద ఆదిమానవులు జేగురుతోనూ బొగ్గుతోనూ వేసిన బైసన్ల (అడవి ఎద్దుల) బొమ్మలను మనలో చాలామంది పుస్తకాలలో చూసే ఉంటారు. 1879లో ఆ బొమ్మలు లోకం దృష్టికి వచ్చాయి. 1973లో ఒక్క ఏడాదిలోనే లక్షా డెబ్బై వేలకు పైగా జనం ఆ గుహను చూశారు. 1977లో దానిని మూసివేసి, 1982లో ఏడాదికి 8,500 మంది అన్న పరిమితితో తెరిచారు. చిత్రాల మీద ఆకుపచ్చని సూక్ష్మజీవుల మచ్చలు కనిపించడంతో 2002లో మళ్లీ మూశారు. 2014 ఫిబ్రవరి నుండి వారానికి ఐదుగురిని మాత్రం చీటీలు తీసి ఎంపిక చేసి, ప్రత్యేకమైన దుస్తులు, ముఖానికి మాస్కులు తొడిగించి, 37 నిమిషాల సేపు లోపలికి తీసుకువెళ్లే ప్రయోగం మొదలైంది. దాని ప్రభావాన్ని కొలిచి చూసిన తరువాత, 2015లో ఆ పద్ధతిని కొనసాగించాలని నిర్ణయించారు. ఇంత నిశితంగా గాలిని కొలుస్తున్నప్పుడు ఆ ఐదుగురి సంఖ్యను పెంచవచ్చునా, లేక వారిని కూడా ఆపివేయాలా? సభ్యులు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

తీరరేఖ

పెంచవచ్చుననే నేను భావిస్తున్నాను. గుహ అంటే మూత బిగించిన సీసా కాదు. రాతి పగుళ్ల గుండా బయటి గాలితో దానికి రాకపోకలు ఉన్నాయి. అందుకే లోపలి కార్బన్ డయాక్సైడ్ పరిమాణం ఒక ఋతువులో బాగా పెరిగి మరో ఋతువులో బాగా తగ్గుతుంది. కొద్దిమంది మనుషులు కొద్ది నిమిషాలలో తెచ్చే మార్పు ఈ సహజమైన హెచ్చుతగ్గుల లోపలే ఉంటే, దానిని ప్రమాదమని ఎలా అనగలము? 1973 నాటి తప్పు లెక్కాపత్రం లేకుండా జనాన్ని పంపడం. ఈనాడు సెన్సర్లు నిరంతరం లెక్క చెబుతున్నాయి. పైగా 2001 నుండి పక్కనే చక్కని నకలు గుహ ఉన్నప్పటికీ, అసలు రాయి కింద నిలబడిన అనుభవం వేరు. చూసే హక్కు పూర్తిగా పోయిన చోట కాపాడాలన్న పట్టుదల కూడా మెల్లగా సన్నగిల్లుతుందని నా భయం.

శిలాలేఖ

తీరరేఖ గారు చెప్పిన సహజమైన హెచ్చుతగ్గుల మాట నిజమే. అయితే పరికరం కొలిచేది దేనిని, కొలవలేనిది దేనిని అన్న ప్రశ్న దగ్గరే నాకు అభ్యంతరం.

మనిషి వదిలే ఊపిరిలో దాదాపు నాలుగు శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది; అంటే బయటి గాలిలో ఉన్నదానికి సుమారు వంద రెట్లు. విశ్రాంతిగా నిలుచున్న మనిషి ఒంటి నుండి వెలువడే వేడి పాతకాలపు వంద వాట్ల బల్బు వేడితో సమానం. ఏడాది పొడుగునా సుమారు 14 డిగ్రీల దగ్గరే ఉండి, తేమతో నిండిపోయిన ఆ గదిలో ఊపిరిలోని ఆవిరి చల్లని రాతిని తాకి నీటి పొరగా మారుతుంది. ఆ నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగితే అది పలుచని ఆమ్లమై సున్నపురాయిని తినేస్తుంది. వాయువు తగ్గినప్పుడు అదే సున్నం కాల్సైట్‌గా పేరుకొని రంగు మీద తెల్లని తెరలా నిలిచిపోతుంది. ఒక దారిలో రంగు కింది రాయి కరుగుతుంది, మరొక దారిలో రంగు మూసుకుపోతుంది.

వేడి, వాయువు మనుషులు వెళ్లిపోయాక కొంతసేపటికి పూర్వస్థితికి వస్తాయి. గ్రాఫ్ మీద గీత మళ్లీ కిందికి దిగగానే మనం ఊపిరి పీల్చుకుంటాము. కానీ వచ్చినవారి చర్మం నుండి రాలిన పొలుసులు, బట్టల పోగులు, చెప్పులకంటిన మట్టి, ఆ మట్టిలోని బూజు బీజకణాలు (స్పోర్లు) తిరిగి బయటికి పోవు. సుమారు 13,000 ఏళ్ల క్రితం ముఖద్వారం కూలి మూసుకుపోయిన ఆ గుహలో సూక్ష్మజీవులకు తిండి చాలా తక్కువ. మనము తెచ్చేది వాటికి అన్నం పెట్టినట్టే. ఆ కుప్ప ఎంత పెరిగిందో ఏ ఉష్ణమాపకమూ చెప్పదు. మచ్చ కంటికి కనిపించే నాటికి సూక్ష్మజీవులు లోపల స్థిరపడి ఉంటాయి.

ఇలాంటి ఆదిమానవుల బొమ్మలే ఉన్న ఫ్రాన్సులోని లాస్కో గుహ చరిత్ర చూడండి. 1940లో బయటపడి 1948లో తెరుచుకున్న ఆ గుహకు 1950ల మధ్యకు రోజుకు 1,200 మంది దాకా వచ్చారు. ఆకుపచ్చని నాచు, తెల్లని కాల్సైట్ కనిపించాక 1963లో సాంస్కృతిక మంత్రి ఆండ్రే మాల్రో దానిని మూయించారు. అప్పటి నుండి మామూలు సందర్శకులు లేరు. అయినా కొత్త వాతావరణ నియంత్రణ యంత్రాన్ని అమర్చిన కొద్దికాలానికే, 2001లో, ఫ్యుజేరియమ్ సొలాని అనే శిలీంధ్రం తెల్లని బూజుగా వ్యాపించింది. నేల మీద పొడి సున్నం చల్లారు, మందులు వాడారు. కొన్నేళ్లకు నల్లని మచ్చలు మొదలయ్యాయి. యంత్రాన్ని పెట్టినవారు నిర్లక్ష్యం చేశారని నేను అనడం లేదు; శ్రద్ధతో చేసిన పనికే ఇలా జరిగిందన్నదే నన్ను కలవరపెడుతున్నది.

వాఘోరా

అజంతాను చూసివచ్చిన తెలుగువారు ఈ వాదనను నేరుగా అక్కడికి తీసుకుపోకూడదని ఒక మాట. అజంతా గుహలు కొండను తొలిచినవి, ముందు భాగం తెరిచి ఉన్నవి. అక్కడ రంగు ఉన్నది మట్టిపూత మీద, శత్రువులు వానకాలపు తేమ, పురుగులు, గబ్బిలాలు. నిజాం ప్రభుత్వం 1920లో రప్పించిన ఇటలీ నిపుణులు బొమ్మలను కాపాడాలని పూసిన లక్క వార్నిష్ తరువాత పసుపుపచ్చబడింది. ఏ గుహ గాలిని ఆ గుహలోనే కొలవాలి.

జేగురు

శిలాలేఖ గారూ, మీ తర్కం ప్రకారం పరికరాలను సరిచూడటానికి వెళ్లే శాస్త్రవేత్తలనూ ఆపాలి కదా?

శిలాలేఖ

ఆపమని అనను గానీ, వారినీ లెక్కలో చేర్చాలని అంటాను. గుహకు యాత్రికుడి ఊపిరికీ నిపుణుడి ఊపిరికీ తేడా తెలియదు. వారానికి ఐదుగురు అన్న అంకెలో మార్గదర్శకులు, మరమ్మతు పనివారు, పరిశోధకులు లేరు. లోపల గడిచిన మొత్తం మనిషి-నిమిషాలను ఏటా ప్రకటించి, గాలిలోని బీజకణాల సంఖ్యను వేడి, తేమలతో పాటు నమోదు చేసి చూపితే, అప్పుడు అంకెను గురించి మాట్లాడవచ్చు. అంతవరకు నా ఓటు ఐదుగురికి కూడా వ్యతిరేకమే.

తీరరేఖ

బీజకణాల లెక్క లేకుండా పెంచాలని ఇకమీదట అడగను. ఆ మేరకు నా మాటను సవరించుకుంటున్నాను. కానీ ఉన్న ఐదుగురిని ఆపడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. ఏడాదికి 260 మందిని మించని ఆ చీటీలో, రాజుకూ రైతుకూ ఒకే అవకాశం ఉన్నది.