జల్లు అంటే చిన్న వానేనా?

మొన్న మే నెలలో, కృత్తిక కార్తె ఎండలకి ఒళ్ళు మాడిపోతున్న రోజుల్లో, ఒక్క మాట వల్ల మా చిన్నాన్న నష్టపోయాడు. ఆ మాట చెప్పింది నేనే. అప్పట్నుంచి నా ధ్యాసంతా దాని మీదే ఉంది. మీ అందరి ముందూ పెడుతున్నాను.

మాది రాజాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తలో ఊళ్ళో ఉంటూ రోజూ మబ్బుల్ని చూసి రాసుకునే వాళ్ళం ఐదారుగురం ఉన్నాం. ఏ దిక్కున ఎలాంటి మబ్బు లేచింది, మొదటి ఉరుము ఎన్నింటికి, మొదటి చినుకు ఎన్నింటికి, డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు, ఇంతే మా రాత. పరికరాలంటారా, డాబా మీద ఒక రేకు డబ్బా, పిల్లల స్కేలు. డబ్బా వెడల్పు ఎంతున్నా పర్వాలేదు. మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పుంటే చాలు, లోపల నీళ్ళ లోతే వాన కొలత. 1 మిల్లీమీటరు వాన పడిందంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు పోసినట్టు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి చిన్నాన్న చీపురుపల్లి దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోశాడట, వాన ఏమైనా ఉందా అని. డాబా ఎక్కి చూశాను. పడమట బొబ్బిలి, సాలూరు వైపు కొండల మీద తెల్లగా, గట్టిగా, కాలీఫ్లవర్ పువ్వులాగా మబ్బు లేస్తోంది. చూస్తుండగానే పైకి పెరుగుతోంది. "సాయంత్రం ఓ జల్లు పడొచ్చు చిన్నాన్నా" అన్నాను. ఆయన నాలుగు చినుకులే కదా అనుకుని బరకాలు ఇంట్లోనే వదిలేశాడు.

నాలుగున్నరకి వచ్చింది. ఇరవై నిమిషాల్లో చీపురుపల్లిలో మా మిత్రుడి డబ్బాలో 22 మిల్లీమీటర్లు. రాజాంలో నా డబ్బాలో మాత్రం ఒక్క చుక్క లేదు. చిన్నాన్న గింజలు సగం కాలవలోకి కొట్టుకుపోయాయి, మిగతావి నాని రంగు మారాయి. రంగు మారిన గింజకి కొనేవాడు ధర కోసేశాడు. రాత్రి ఫోన్‌లో చిన్నాన్న అన్న మాట ఇది: "జల్లన్నావు కదరా! ఇదేటి జల్లు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. వాతావరణం చూసేవాళ్ళ లెక్కలో అది అచ్చమైన జల్లే. కుప్పగా లేచిన మబ్బు నుంచి ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయే వానని జల్లు అంటాం, అది ఎంత కురిసినా సరే. ఆయన విన్న తెలుగులో జల్లు అంటే చిన్న వాన. ఇద్దరిలో ఎవరి తెలుగు సరైనది? మీ ఊళ్ళో ఈ మాట ఎలా వాడతారో చెప్పండి.

నరసన్నపేట నుంచి ఒక టీచరమ్మ:

మీ చిన్నాన్నగారి తెలుగే సరైనదండి. చిరుజల్లు, పూలజల్లు, పన్నీటి జల్లు, ఎక్కడ విన్నా మెత్తగానే ఉంటుంది ఆ మాట. వార్తల్లోనూ "తేలికపాటి జల్లులు" అనే వింటాం. అయితే ఇంకోటి కూడా ఉంది. గాలికి వాన ఏటవాలుగా వచ్చి వసారా తడిపేస్తుంటే మా అత్తగారు "జల్లు కొడతంది, తలుపెయ్యమ్మా" అనేవారు. బయట వాన ఎంత పెద్దదైనా, లోపలికి చిమ్మే ఆ తుంపరే జల్లు ఆవిడకి.

బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:

క్రియ పట్టుకోండి నాయనా, నామవాచకం దానంతట అదే దొరుకుతుంది. చల్లు, జల్లు ఒకే కుదురు మాటలు. వెద అంటే విత్తు. వెద, చల్లు కలిసి వెదజల్లు అయింది. మన జిల్లాల్లో ఇప్పటికీ వరి రైతులు రెండు మాటలు వాడతారు. నారు పోసి, పీకి, నాటితే ఉభాలు. నేరుగా పొలంలో విత్తనం జల్లేస్తే ఎదలు. గుప్పిట్లోంచి విత్తనం విసిరినప్పుడు ఏమవుతుంది? ఒక చోట ఒత్తుగా పడుతుంది, ఒక చోట పలచగా పడుతుంది, ఇంకో చోట అసలు పడదు. జల్లు అన్న మాటలో ఉన్నది ఆ తీరు. ఎన్ని గింజలన్నది అందులో లేదు. కల్లాపి జల్లినా, అక్షింతలు జల్లినా అదే.

ఉద్దానం నుంచి ఒక కొబ్బరి రైతు:

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మేం దాన్ని జల్లనీ అనలేదు, వర్షమనీ అనలేదు. గాలివాన అన్నాం. ఆ మాటలో గాలి ముందుంది చూడండి. మా చెట్లని కూల్చింది గాలే. వాన తర్వాతి సంగతి. పెద్దాళ్ళు ఏ వానకి ఏ పేరు పెట్టారో ఊరికే పెట్టలేదు.

విజయనగరం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు:

సార్, ఒక డౌటు. ఉరుములు, మబ్బులు అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. "ఉరుము ఉరిమి మంగలి మీద పడ్డట్టు" అంటారు కదా, మధ్యలో మంగలి ఏం చేశాడు?

మాస్టారు మళ్ళీ:

అది మంగలి కాదు నాయనా, మంగలం. పేలాలు వేయించుకునే కుండపెంకు. ఎక్కడో ఆకాశంలో ఉరిమిన ఉరుము పోయి పోయి మూలనున్న పెంకు మీద పడిందని సామెత. సంబంధం లేని వాడి మీద కోపం చూపిస్తే అంటారు. ఆ పెంకు ఇళ్ళలోంచి పోయింది, మాట తెలియని వాళ్ళు దాన్ని మనిషిని చేసేశారు. ఒక వృత్తి వాళ్ళని అనవసరంగా అందులోకి లాగినట్టయింది. దయచేసి సరిచేసుకుని వాడండి.

రాజాం నుంచి, మొదట అడిగినవాణ్ణి:

అందరికీ దండాలు. మాస్టారూ, ఎదల మాట మీరు రాసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో ప్రతి ఏడూ వినే మాట. దాన్ని వాన పక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

టీచరమ్మగారూ, మీ రెండు ఉదాహరణలూ నిజమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. జల్లంటేనే చిన్న వాన అయితే దాని ముందు మళ్ళీ "చిరు" ఎందుకు? "తేలికపాటి" ఎందుకు? చిరుజల్లు అన్నామంటే చిరుది కాని జల్లు కూడా ఉందన్నమాటే కదా. ఎన్నికలప్పుడు పేపర్లలో "వరాల జల్లు" అని హెడ్డింగు పెడతారు. అవి నాలుగు చినుకులని ఎవరూ అనుకోరు. మీ అత్తగారి వసారా జల్లు కూడా మాస్టారి మాటకే సాక్ష్యం. గాలి వానని చెదరగొట్టి లోపలికి చిమ్ముతోంది, అంటే జల్లుతోంది. మూడు వాడుకల్లోనూ ఉన్నది చెదరడమే, చిన్నతనం కాదు.

ఇక్కడ ఇంకో మాట తీసుకురావాలి. ముసురు. జల్లు అర్థం నాకు పూర్తిగా తెలిసింది ముసురుని దాని పక్కన పెట్టాకే. బెల్లం మీద ఈగలు ముసురుతాయి, బస్సు ఆగగానే జనం ముసురుతారు. ఖాళీ లేకుండా చుట్టూ కమ్మేయడం ముసరడం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు మనకి వచ్చే వాన అచ్చంగా అంతే. ఆకాశమంతా ఒకే బూడిద రంగు పొర, ఎటు చూసినా ఒకే తీరు, పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే చప్పుడు. రాజాంలో పడితే చీపురుపల్లిలోనూ పడుతుంది, టెక్కలిలోనూ పడుతుంది. క్రియలు కూడా చూడండి. ముసురు "పడుతుంది" అనడం కంటే "పట్టింది" అంటాం, పట్టిందంటే ఓ పట్టాన వదలదు. జల్లు "కొట్టి" పోతుంది.

1802లో లండన్‌లో ల్యూక్ హోవర్డ్ అనే ఆయన మబ్బులకి లాటిన్ పేర్లు పెట్టాడు. వృత్తి మందుల తయారీ, మబ్బులు చూడటం ఆయనకి ఇష్టం, మాలాంటివాడే. కుప్పలా లేచేది క్యుములస్, పొరలా పరుచుకునేది స్ట్రేటస్. ప్రపంచమంతా ఇవాళ్టికీ ఆ పేర్లే వాడుతోంది. పెద్ద ఉరుముల మబ్బుని క్యుములోనింబస్ అంటారు. జల్లు కుప్ప మబ్బు నుంచి పడుతుంది, ముసురు పొర మబ్బు నుంచి పడుతుంది. పొలంలో నిలబడి వానని చూసిన మన రైతు అదే తేడాని జల్లడం, ముసరడం అనే రెండు క్రియలతో పట్టుకున్నాడు. నాకిది చాలా గొప్పగా అనిపిస్తోంది. విశాఖలో కైలాసగిరి మీద ఉన్న రాడార్ బొమ్మలు ఫోన్‌లో చూస్తుంటాం. మే నెల సాయంత్రం బొమ్మ తెరిస్తే ఎరుపు, పసుపు చుక్కలు అక్కడక్కడా, ఎదలు జల్లినట్టే ఉంటాయి. వాయుగుండం రోజు తెరిస్తే జిల్లా అంతా ఆకుపచ్చగా కమ్మేసి ఉంటుంది.

జల్లు అంచుని నేను ఒకసారి దగ్గర్నుంచి చూశాను. పాలకొండ రోడ్డులో బండి మీద వస్తున్నాను. ముందు చల్లటి గాలి కొట్టింది, దుమ్ము లేచింది. ఎదురుగా రోడ్డు మీద ఒక గీత. గీతకి అవతల నల్లగా తడి, ఇవతల తెల్లగా పొడి. బండి ఆపాను. ఆ గీత నా వైపు నడిచి వస్తోంది. మొదటి చినుకులు రూపాయి బిళ్ళంత మచ్చలు పెట్టాయి, దూరదూరంగా, ఒక్కో మచ్చ చుట్టూ మట్టి చిట్లి అంచు కట్టింది. పది లెక్కపెట్టేలోపు మచ్చలు కలిసిపోయాయి. నా ఎడం పక్క జీడితోట తడుస్తోంది, కుడి పక్క చోడి చేను పొడిగానే ఉంది. ముసురు అంచుని అలా నిలబడి చూసినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? నాకైతే ఎప్పుడూ దొరకలేదు.

డిగ్రీ తమ్ముడూ, నీ సామెతలో ఇంకో చిక్కుంది. ఉరుము పడదు, అది చప్పుడు. పడేది పిడుగు. ఇంగ్లీషులో మబ్బులో మెరిసినదాన్నీ నేల మీద పడినదాన్నీ లైట్నింగ్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనం మబ్బులో ఉంటే మెరుపు, నేల తాకితే పిడుగు అంటాం. ఈ తేడా ప్రాణాలు కాపాడే తేడా. పిడుగుల హెచ్చరికకి వాడే యాప్ పేరు దామిని. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ చేసింది. దామిని అంటే మెరుపే. మెరుపు కనపడ్డాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. పొలంలో ఉన్నప్పుడు మాత్రం లెక్కలు పెట్టుకోకు. ఉరుము వినపడిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే, చెట్టు కిందకి పోకుండా పక్కా ఇంట్లోకి వెళ్ళిపో.

మళ్ళీ చిన్నాన్న దగ్గరికొస్తాను. ఆయన విన్నది తప్పు కాదు. జనం నోట్లో జల్లు ఇవాళ మెత్తబడింది, అది కాదనలేను. తప్పు నాది. ఎక్కడ పడుతుందో తెలియదన్న సంగతి, పడితే ఎంతైనా పడొచ్చన్న సంగతి ఒక్క మాటలో ఇమిడిపోయాయి అనుకున్నాను. విడమర్చి చెప్పాల్సింది. వాతావరణ శాఖ లెక్కలో రోజు మొత్తానికి 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. చీపురుపల్లిలో పడ్డ 22 మిల్లీమీటర్లు ఇరవై నిమిషాల్లోనే మోస్తరులోకి వెళ్ళిపోయాయి. కాబట్టి మా పుస్తకంలో పద్ధతి మార్చుకున్నాం. ఇకమీదట వాన తీరు ఒక గడిలో, పరిమాణం ఇంకో గడిలో రాస్తాం. జల్లు, చిన్నది. జల్లు, పెద్దది. ముసురు, చిన్నది. ముసురు, పెద్దది. చిన్నాన్న అడిగితే కూడా అలాగే చెబుతున్నాను: "పెద్ద జల్లు చిన్నాన్నా. మన మీద పడకపోనూవచ్చు, పడితే మాత్రం గింజ మిగలదు. బరకం దగ్గర పెట్టుకో."

మాస్టారికి ఒక ప్రశ్న, మిగతావాళ్ళకీ. ఉరుముల మబ్బు బాగా ఎదిగాక దాని నెత్తి ఇంక పైకి పోలేక పక్కలకి చదునుగా పరుచుకుంటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలితో పోల్చారు. మా పుస్తకంలో ఇప్పుడు దాగలి అనే రాస్తున్నాం, మాట బాగానే అతికింది. కానీ ఆ మబ్బు కింద, దూరం నుంచి చూస్తే, నేల దాకా వేలాడే వాన తెర కనపడుతుంది కదా, బూడిద రంగు పరదాలాగా, ఒక పక్కకి వాలి. దానికి మీ ఊళ్ళో ఏదో ఒక మాట ఉండే ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. ఇవాళ సాయంత్రం ఐదింటికి బొబ్బిలి వైపు అలాంటిదొకటి కనపడింది. పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను.